లప్పం కింద పేరు

రిటైరైన సుబేదారుగారు గుడ్డ కొస పట్టుకోగానే ఆమె వచ్చి రాయికి అడ్డంగా నిలబడింది. అరవలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టి, రాయి మీద కప్పిన తెల్ల దుప్పటిని గుప్పిళ్ళతో పట్టుకుని, వీపు ఆనించి నిలబడింది. మిరప కల్లంలోంచి నేరుగా వచ్చినట్టుంది. కాయల మంట తగలకుండా వేళ్ళకు చుట్టుకున్న గుడ్డపీలికలు ఇంకా అలాగే ఉన్నాయి. దగ్గరున్నవాళ్ళు ఒకరిద్దరు ఆ ఘాటుకి తుమ్మారు.

“తియ్యొద్దండి,” అంది సుబేదారుగారితో. “ముగ్గురు పోయారు. వాళ్ళ పేర్లు చదువుకోండి. నాలుగో ఆయన పోవటం ఎవరూ చూళ్ళేదు.”

హార్మోనియం ఆగింది. చర్చి ఆవరణలో చాపల మీద కూర్చున్న జనం ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. పాస్టరుగారు చదవబోయిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన ఊరికి వచ్చి ఏడాది కూడా కాలేదు. సంఘం కార్యదర్శి మాత్రం ముందుకు వచ్చాడు. ఆ రాయి తెప్పించింది ఆయనే. బడిపంతులుగా చేసి దిగిన మనిషి, గొంతు తగ్గించి మాట్లాడే అలవాటు లేదు.

“పెన్షన్ కాగితం మీద వేలిముద్ర వేసిన రోజున ఏమైందమ్మా ఈ మాట?”

“వేలిముద్ర కాదండి, సంతకం పెట్టా,” అంది ఆమె. “పోయినట్టు అనుకుంటున్నామని రాశారు అందులో. అనుకున్నది వాళ్ళు. నేను అనుకోలా.”

అప్పుడు ముందు చాప మీద కూర్చున్న ముసలామె, ఆమె అత్తగారు, లేవకుండానే అంది: “తియ్యండయ్యా. అది నా కొడుకు పేరు. పెట్టమన్నది నేనే.”

కోడలు అత్త వంక చూసింది. ఆ చూపులో కోపం ఉందని తర్వాత చాలామంది అన్నారు. నాకు అలా కనిపించలేదు. తెలిసిన విషయాన్నే నలుగురిలో మళ్ళీ విన్నప్పటి మొహం అది. దుప్పటి మాత్రం వదలలేదు.

సుబేదారుగారిది పొదిలి. ముఖ్య అతిథిగా రమ్మంటే పాత మెడల్సు తగిలించుకుని బస్సులో వచ్చాడు. ఆయన కాసేపు ఆ గుడ్డ కొసని అలాగే పట్టుకుని, తర్వాత వదిలేశాడు. “మాకు పొద్దున్నే పేర్లు పిలుస్తారు. పలక్కపోతే లేడని రాసుకుంటారు. చచ్చాడని రాయరు,” అని కార్యదర్శితో చెప్పి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె మాత్రం పొద్దు వాలి జనం పలచబడేదాకా కదల్లేదు. రాయి మీద గుడ్డ ఆ రోజు లేవలేదు.

ఇదంతా నేను హార్మోనియం పక్కన నిలబడి చూశాను. చేతిలో నోటు పుస్తకం ఉంది కానీ ఏమీ రాయలేదు. రాయడానికి ఏమీ మిగల్లేదు. ఆ రాయిని ఘనంగా ఆవిష్కరించారని నా వార్త అప్పటికే బస్సెక్కి బెజవాడ వెళ్ళిపోయింది.

నేను అప్పట్లో చిలకలూరిపేటలో ఒక దినపత్రికకు పార్ట్‌టైం విలేఖరిని. ఫోన్లో చెప్పాల్సినంత పెద్ద వార్తలు మాకు అరుదు. తెల్ల కాగితాల మీద రాసి, కవరులో పెట్టి, మధ్యాహ్నం మూడింటి బస్సు కండక్టరు చేతికిస్తే, బెజవాడ బస్టాండులో ఆఫీసు మనిషి అందుకునేవాడు. ఆ బస్సు తప్పితే వార్త చద్దిదైపోయినట్టే. అందుకని సాయంత్రం జరిగే సభని మధ్యాహ్నమే రాసెయ్యడం మాకందరికీ అలవాటు. అధ్యక్షుడెవరో, అతిథి ఎవరో ఆహ్వాన పత్రంలో ఉంటుంది. ఏం మాట్లాడతారో వినకుండానే తెలుసు. ఆవిష్కరించారు, కొనియాడారు, జోహార్లు అర్పించారు. ఒకటి రెండు సార్లు వాన వచ్చి సభ ఆగిపోయినా పేపర్లో మాత్రం జరిగింది. ఎవరూ అడగలేదు.

ఆ వార్తలో నేను రాసిన వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది: ‘దేశం కోసం ప్రాణాలర్పించిన నలుగురు గ్రామ వీర జవాన్ల స్మారక శిలను ఆవిష్కరించారు.’ దాని కింద నాలుగు పేర్లు.

చిలకలూరిపేట నుంచి సైకిలు మీద గంట ప్రయాణం ఆ ఊరు. నల్లరేగడి నేల. పత్తి, మిరప. పల్లెలో చర్చి చుట్టూ ఉన్న ఇళ్ళవాళ్ళు ఎక్కువమంది కూలి పనులకు వెళ్ళేవాళ్ళే, కొందరు చదువుకుని టీచర్లయ్యారు, కొందరు మిలటరీకి వెళ్ళారు. పెద్ద యుద్ధంలో బర్మా వెళ్ళిన ఒకాయన అక్కడే పోయాడు. చైనా యుద్ధంలో ఒకరు, తర్వాతి పాకిస్తాన్ యుద్ధంలో ఒకరు. ఆ ముగ్గురి ఇళ్ళకీ టెలిగ్రాములు వచ్చాయి. ఎక్కడ పోయిందీ, ఎలా పోయిందీ రాసి ఉంది. నాలుగో ఆయన బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ సరిహద్దులో ఉన్నాడు. ఆయన గురించి వచ్చిన కాగితంలో ‘ఆచూకీ తెలియడం లేదు’ అని మాత్రమే ఉంది. కొన్నేళ్ళకు ఇంకో కాగితం వచ్చింది, పెన్షన్ కోసం. చనిపోయినట్టు భావిస్తున్నామని.

నల్ల ట్రంకు పెట్టె కూడా ఒకటి వచ్చింది. అందులో ఆయన బట్టలున్నాయి, ఆమె రాసిన ఉత్తరాలున్నాయి. గడ్డం గీసుకునే రేజరు లేదు. చొక్కా జేబులో పట్టే చిన్న కొత్త నిబంధన పుస్తకం లేదు. ఆ రెండూ లేకపోవడాన్నే ఆమె పట్టుకుంది. రేజరు వెంట తీసుకెళ్ళిన మనిషి మర్నాడు ఉంటాననే కదా వెళ్ళింది అనేది. పుట్టింటి నుంచి ఆమె అన్న రెండుసార్లు వచ్చి, మళ్ళీ పెళ్ళి మాట ఎత్తితే, ట్రంకు మూత తీసి చూపించి పంపించింది. పిల్లల్లేరు. అత్తతోనే ఉండిపోయింది.

ఆ చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. ఆదివారం ఆరాధన చివర, దూరాన ఉన్నవాళ్ళ కోసం పాస్టరుగారు పేరు పేరునా ప్రార్థన చేస్తారు. లారీల మీద వెళ్ళినవాళ్ళు, చీమకుర్తి క్వారీల్లో పనికి పోయినవాళ్ళు, పట్నంలో ఆస్పత్రిలో ఉన్నవాళ్ళు, మిలటరీలో ఉన్నవాళ్ళు. మనిషి ఊరికి తిరిగొచ్చాక ఆ పేరు ఆపేస్తారు. పాత పాస్టరుగారు పదమూడేళ్ళపాటు ప్రతి ఆదివారం చివరి పేరుగా ఆమె భర్త పేరు చదివారు. ఊళ్ళో కొందరు నవ్వుకున్నారు కూడా. ఆయన మానలేదు. వయసైపోయి ఆయన దిగిపోయాక వచ్చిన కొత్త పాస్టరుగారు, లేని మనిషి క్షేమం కోసం ప్రార్థన ఏమిటని పెద్దల్ని అడిగారు. ఆ ఆదివారం ఆ పేరు వినిపించలేదు. ఆమె తర్వాతి ఆదివారం దాకా ఆగింది. అప్పుడూ వినిపించలేదు. ఆ నెలలోనే రాయి మాట మొదలైంది.

రాయి ఆలోచన కార్యదర్శిదే అయినా, నాలుగో పేరు పెట్టమని పట్టుబట్టింది అత్తగారు. దానికి కారణం నాకు ఆలస్యంగా తెలిసింది. నవంబరు మొదట్లో సమాధుల పండుగ వస్తుంది. ప్రతి ఇంటివాళ్ళూ తమ సమాధికి సున్నం కొట్టుకుని, బంతిపూలు పెట్టి, చీకటి పడే వేళకి కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. ఆ సాయంత్రం ఆ ముసలామె బంతిపూల బుట్టతో వెళ్ళి, ఎవరెవరి సమాధుల దగ్గరో నిలబడి, పూలన్నీ పంచిపెట్టి వచ్చేది. పదమూడేళ్ళు అలా చేసింది. తన పూలు పెట్టుకోవడానికి ఆమెకు ఒక చోటు కావాలి. అంతకు మించి ఆమె ఏమీ అడగలేదు.

కోడలు వద్దని పాస్టరుగారికి చెప్పింది, కార్యదర్శికి చెప్పింది. అప్పటికే చీమకుర్తిలో పేర్లు చెక్కడం అయిపోయిందన్నారు. అయితే నేను రానని చెప్పింది. రానంటే ఒప్పుకున్నట్టేనని వాళ్ళు అనుకున్నారు. ఆదివారం ఎన్నడూ పనికి పోని మనిషి ఆ రోజు కావాలని కల్లానికి వెళ్ళింది. అక్కడికి హార్మోనియం వినపడుతుంది. కాసేపు కాయలు ఏరి, లేచి వచ్చేసింది.

సోమవారం పొద్దున పేపర్లో ఆ వార్త జిల్లా పేజీలో పైనే వచ్చింది. మొదట కనిపించింది కార్యదర్శి. నా భుజం తట్టి, “బాగా రాశావురా అబ్బాయ్, ఊరి పరువు నిలబెట్టావు,” అన్నాడు.

ఆమె మధ్యాహ్నం వచ్చింది, సరిగ్గా నేను కవరు ఇచ్చే వేళకి. బస్టాండు ముందు టీ కొట్టు దగ్గర ఎవరినో అడిగి నన్ను పట్టుకుంది. పేపరు నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుని తెచ్చింది.

“మీరేనంటగా రాసింది. చదవండి, వింటా.”

చదువు వచ్చిన మనిషి. అయినా నన్నే చదవమంది. చదివాను. నాలుగో పేరు దగ్గర నా గొంతు తగ్గింది.

“గుడ్డ తీశారా?”

“లేదండి.”

“మీరు అక్కడే ఉన్నారుగా.”

“ఉన్నానండి. కానీ రాసింది అంతకు ముందు.”

జరగక ముందే ఎట్లా రాశారని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. టీ కొట్టు బల్ల మీద పేపరు పరిచి, ఆ వార్త మీద అరచెయ్యి పెట్టింది. “మా ఊళ్ళో నా మాట ఒప్పుకోకపోతే నేను అడ్డం నిలబడ్డా. ఈ పేపరు ఎన్ని ఊళ్ళు పోద్దో, అన్ని చోట్లా నేను ఎక్కడ నిలబడేది? తప్పని రాయండి.”

రాస్తానని మాట ఇచ్చాను. ఆ రోజు బస్సుకే నాలుగు వాక్యాల సవరణ రాసి పంపాను. ఆవిష్కరణ జరగలేదనీ, నలుగురిలో ఒకరు మరణించినట్టు నిర్ధారణ కాలేదనీ. రాలేదు. ఇంకోసారి పంపాను. రాలేదు. మూడోసారి నేనే బెజవాడ వెళ్ళాను. జిల్లా వార్తలు చూసే పెద్దాయన నా కాగితం చదివి కళ్ళజోడు తీశాడు.

“ఏరా, ఆ మనిషి బతికున్నాడా?”

“తెలీదండి.”

“తెలీదంటే? రుజువుందా?”

“లేదండి.”

“మరి సవరణ దేనికి? సభ జరక్కముందే రాసి పంపానని నువ్వే సంతకం పెడతావా? పెట్టు, వేస్తా. రేపట్నించి నీకు పని ఉండదు.”

చనిపోయాడనడానికి మాత్రం రుజువుందా అని నేను ఆయన్ని అడగాల్సింది. ఆ మాట గుంటూరు దాటాక బస్సులో తట్టింది. తట్టినా అప్పుడు అడిగి ఉండేవాణ్ణని చెప్పలేను. సంతకం పెట్టకుండానే వచ్చేశాను.

ఆ సంగతి చెప్పడానికి ఆమె పనిచేసే కల్లానికి వెళ్ళాను. ఎండ తిరుగుతోంది. కంటి నిండా ఎరుపు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయలు ఏరుతున్నారు, ఎర్రకాయ ఒక పక్కకి, తెల్లబారిన తాలుకాయ ఇంకో పక్కకి. నన్ను చూడగానే ఒకామె, “పేపరాయన వచ్చాడే, జాగ్రత్త, కూర్చున్నవాళ్ళని కూర్చున్నట్టే పాతేస్తాడు,” అంది. వరస మొత్తం నవ్వింది. ఆమె నవ్వలేదు, వాళ్ళని ఆపలేదు కూడా.

దగ్గుకుంటూ జరిగింది చెప్పాను. ఉద్యోగం పోతుందన్న మాట కూడా దాచలేదు. ఆమె చేతులు ఆగలేదు.

“పొద్దుగూకులూ ఇదే పని నాకు,” అంది. “మంచికాయ ఇటు, తాలు అటు. ఏదో తేలనిది ఒకటి వస్తది. దాన్ని ఎటూ వెయ్యను. చేతిలోనే పెట్టుకుంటా, ఎండకి రంగు తేలిందాకా. మేస్త్రి తిడతాడు. తిట్టనీ.” తర్వాత తలెత్తి నా వంక చూసింది. “మీకు చేతిలో పెట్టుకోవటం రాలేదు. అంతేలెండి.”

కేకలేస్తే బాగుండేదనిపించింది. సైకిలు తొక్కుకుంటూ పేట చేరేదాకా కళ్ళు మండుతూనే ఉన్నాయి.

రాయి ఏడు వారాలు గుడ్డ కిందే ఉంది. గాలికి దుప్పటి ఎగిరిపోతుంటే ఎవరో తాడు కట్టారు. ఒకే ఇంట్లో ఉంటున్న అత్తాకోడళ్ళు వంట వేరు పెట్టుకున్నారని విన్నాను. చివరికి సుబేదారుగారే మళ్ళీ పొదిలి నుంచి వచ్చి, పాస్టరుగారి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టాడు. నల్లరాయి మీద చెక్కిన అక్షరం పోదు. కొత్త రాయి తెప్పించే ఓపిక సంఘానికి లేదు. నాలుగో పేరు గాడిలో మసి కలిపిన లప్పం నింపేస్తే, దూరం నుంచి నున్నగా కనిపిస్తుంది. కోడలు సరేనంది. అత్త ఏమీ అనలేదు. తాపీమేస్త్రి వచ్చి నింపి పోయాడు. సభా, అతిథీ లేకుండా పాస్టరుగారొక్కరే దుప్పటి తీశారు. ఆ ఆదివారం నుంచి ఆయన పాత ప్రార్థన మళ్ళీ మొదలుపెట్టారు. దూరాన ఉన్నవాళ్ళ పేర్లలో చివరి పేరు మళ్ళీ వినిపించింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆ నవంబరులో సమాధుల పండుగకి వార్త కోసం కాదు, ఊరికే వెళ్ళాను. చీకటి పడబోతోంది. అందరూ సమాధుల తోటలో ఉన్నారు. చర్చి గోడ దగ్గర ముసలామె ఒక్కతే కూర్చుని, తలపిన్ను పెట్టి రాయిని గీకుతోంది. నన్ను చూసి కూడా ఆగలేదు. లప్పం ముక్కలు ఒళ్ళో పడుతున్నాయి. పేరు మొత్తం తేలాక ఊది, కొంగుతో తుడిచి, బుట్టలో పూలన్నీ అక్కడే పోసింది. ఒక్క పువ్వు కూడా ఎవరికీ పంచలేదు.

మర్నాడు కార్యదర్శి కేకలు వేస్తాడని, కోడలు గొడవ పెడుతుందని అనుకుని పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. అప్పటికే కోడలు అక్కడ ఉంది. కొబ్బరిచిప్పలో లప్పం, మసి కలుపుకుని, వేలితో ఒక్కో అక్షరం నింపుతోంది. పూలు ఒక పక్కకి జాగ్రత్తగా జరిపి పెట్టింది.

“గీకింది అత్తేనని తెలుసా?” అని అడిగాను.

“తెలుసు. నేను చూశానని ఆమెకీ తెలుసు.” వేలు తుడుచుకుంది. “ఏడాదికి ఒక్క రోజు ఆమెది. మిగతాయి నావి.”

ఇద్దరూ దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదని తర్వాతెప్పుడో చెప్పింది. వంట మాత్రం మళ్ళీ కలిసిందట.

ఆమె సంపాదించుకున్నది అంతవరకే. పోగొట్టుకున్నది ఏమిటో మరుసటి ఏడాది తెలిసింది. ప్రతి డిసెంబరులోనూ ఆమె మిలటరీ రికార్డు ఆఫీసుకి ఒక ఉత్తరం రాయించేది. పాత పాస్టరుగారు ఇంగ్లీషులో రాసిపెట్టేవారు. రెండు మూడు నెలలకు ఒక్క లైను జవాబు వచ్చేది: కొత్త సమాచారం ఏదీ లేదు. పన్నెండు జవాబులు ఆమె దగ్గరున్నాయి, ట్రంకులో. అందరికీ అవి ఒకటే. ఆమెకి మాత్రం, అక్కడెవరో ఇంకా కాగితం తీసి చూస్తున్నారని గుర్తు. పాస్టరుగారు దిగిపోయాక ఆ పని నేను చేశాను. ఆ డిసెంబరు ఉత్తరానికి జవాబు రాలేదు.

కార్యదర్శిని అడిగితే అప్పుడు బయటపడింది. రాయి మీద వివరాల కోసం ఆయన అంతకుముందే ఆ ఆఫీసుకి రాశాడు. ఊరు ఇంత బాగా గౌరవించిందని చూపించడానికి, నా వార్త కత్తిరించి, ఇంగ్లీషు అనువాదంతో సహా, అది అచ్చయిన వారమే పంపించాడు. ఆయన మనసులో కీడు లేదు. నన్ను మెచ్చుకుంటూనే చెప్పాడు.

ఆ కత్తిరింపు ఆమె భర్త ఫైల్లో చేరిందా, చేరి ఆ ఫైలు మూసేయించిందా, లేక జవాబు రాసే గుమాస్తా మారాడా, నాకు తెలియదు. ఇదంతా ఆమెకి చెప్పాను. ఆమె విని, ఇంకో ఉత్తరం రాయమంది. పేపర్లో వచ్చింది తప్పని, రాసినవాడే ఒప్పుకుంటున్నాడని అందులో పెట్టమంది. పెట్టాను. కింద నా సంతకం కూడా చేశాను. బెజవాడలో చెయ్యలేని సంతకం అది. దానికీ జవాబు లేదు.

ఆ దశాబ్దం చివర, ఒక వేసవిలో ముసలామె పోయింది. ఆ నవంబరులో నేను వెళ్ళేసరికి కోడలు అత్త సమాధికి సున్నం కొట్టి, తడిచేతులతో చర్చి గోడ దగ్గరకు వచ్చింది. అత్త తలపిన్ను తీసి తనే లప్పం గీకింది. పూలు పెట్టింది. మర్నాడు మళ్ళీ నింపేస్తానంది.

ఆ డిసెంబరులో ఆమె ఉత్తరాన్ని రిజిస్టరు చేసి, అందినట్టు సంతకంతో తిరిగివచ్చే కార్డు జతచేసి పంపాను. ఇరవై రోజుల్లో కార్డు తిరిగి వచ్చింది. దాని మీద ఆఫీసు ముద్ర ఉంది, ఎవరిదో చదవరాని సంతకం ఉంది. ఉత్తరానికి మాత్రం జవాబు రాలేదు.